పెంకుటింటి అటుక మీద వైరింగ్ మార్పించాం, నల్గొండ ఎలక్ట్రీషియన్ పని ఎట్లుందో చెప్తా

దేవరకొండ దగ్గర మా ఊర్లో అమ్మానాయినలు ఉండేది బెంగుళూరు పెంకల ఇల్లు. రాయి, మట్టి గోడలు, టేకు దూలాలు, దూలాల మీద దంతెలు, వాటి మీద చెక్కలు పరిచిన అటుక. ఈ ఎండాకాలం ఆ ఇంటికి మొత్తం వైరింగ్ కొత్తగా వేయించాం. చేసింది నల్గొండ నుంచి వచ్చిన ఒక ఎలక్ట్రీషియన్, ఆయనతో ఒక హెల్పర్. ఆరు రోజులు పట్టింది. లేబర్ 19 వేలు, సామాను 46 వేల చిల్లర, ఎర్తింగ్ గుంత తవ్విన కూలీ వేరే. స్లాబు ఇంటికి వైరింగ్ చేసేవాళ్లు గల్లీకొకరు దొరుకుతారు కానీ పెంకుటింటి అటుక ఎక్కి, వంగి కూర్చుని, ఆ దుమ్ములో పద్ధతిగా పని చేసేవాళ్లు దొరకడం చాలా కష్టం. మేం నెలన్నర వెతికాం. పాత ఇళ్లున్నవాళ్లకు పనికొస్తుందని వివరంగా రాస్తున్నా, కొంచెం పొడుగైనా చదవండి.

ముందు ఈ పని ఎందుకు పెట్టుకున్నామో చెప్పాలి. పోయిన వానాకాలం ఒక రాత్రి అమ్మ ఫోన్ చేసి, నడిమి గదిలో ఏదో కాలిన వాసన వస్తుంది, లైటు ఒకసారి డిమ్ అయి ఒకసారి వెలుగుతుంది అన్నది. నాయిన మెయిన్ బంద్ చేసి టార్చి పట్టుకుని అటుక ఎక్కితే, ఒక దంతె పక్కన టేపు చుట్టిన జాయింటు మీదికి చుక్క చుక్క నీళ్లు పడుతున్నయట. పైన పెంక జరిగింది. మా దగ్గర కోతుల సంగతి అందరికీ తెలిసిందే, గుంపు వచ్చిందంటే పది పెంకలైనా జరుగుతయి. ఆ జాయింటు కింద చెక్క అరచేయంత మేర నల్లగా మాడి ఉంది. పక్కనే పాత చాపలు, ఉల్లిగడ్డల బుట్ట, మా చిన్నప్పటి పుస్తకాల కట్టలు. ఇంకో గంట అమ్మ నిద్రపోయి ఉంటే ఏమయ్యేదో అని నాకు ఇప్పటికీ గుబులే. ఆ రాత్రి హైదరాబాద్‌లో నాకు నిద్ర లేదు.

ఆ జాయింటు ఏనాటిదో కాదు, రెండేళ్ల కింద ఫ్యాన్ పాయింట్ కోసం పిలిచిన ఒక వైర్‌మన్ వేసింది. పాత అల్యూమినియం వైరుకు కొత్త రాగి వైరు మెలేసి, నల్ల టేపు చుట్టి, పైన వదిలేసి పోయిండు. బాక్సు లేదు, పైపు లేదు. కింద ఫ్యాన్ తిరుగుతుంది కాబట్టి పని బాగా చేసిండనే అనుకున్నం. ఆయన పేరు రాయను, ఊర్లలో ఎక్కువ మంది చేసేది అదే పద్ధతి.

ఇక మేం పిలిచిన ఈయన సంగతి. గడియారం సెంటర్ దగ్గర పని చేసే మా బంధువు చెప్తే ఫోన్ చేశాను. నేను మొదట అడిగింది పాయింట్‌కు ఎంత అని. "చెల్లె, పెంకుటిల్లంటే పైకెక్కి చూడంది రేటు చెప్పలేను, చూసుడుకైతే పైసలు తీసుకోను" అన్నారు. ఒక ఆదివారం పొద్దున వచ్చి, తలకు లైటు కట్టుకుని, మూతికి గుడ్డ చుట్టుకుని అటుక మీద నలభై నిమిషాలు ఉన్నారు. దిగేటప్పుడు ఒక ముక్క తెచ్చి నా చేతిలో పెట్టారు. ఆ కాలిన జాయింటు లాంటిదే ఇంకొకటి, వంటింటి వైపు లైనులోది. టేపు పెళుసుబారి బెల్లం పాకంలా గట్టిపడింది. గోటితో గీరితే ఊడింది. లోపల అల్యూమినియం మీద తెల్లటి పొడి, రాగి మీద పచ్చగా, నల్లగా పొర. రెండూ మెలేసిన చోట వేలితో కదిపితే కదులుతుంది. పక్కన అంగుళం మేర వైరు తొడుగే లేదు, చిన్న చిన్న గాట్లు వరుసగా ఉన్నయి, ఎలుక పళ్ల గాట్లు.

అప్పుడాయన చెప్పిన మాట నాకు బాగా పట్టింది. రెండు లోహాలు తేమలో కలిసి ఉంటే తుప్పులాంటి పొర పుడుతుంది, ఆ పొర కరెంటును సాఫీగా పోనియ్యదు, జాయింటు వేడెక్కుతుంది, వేడికి ఇంకా వదులవుతుంది. కానీ లైనులో కరెంటు ఎక్కువ పోవడం లేదు కదా, అందుకే ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్చు) పడదు, ఫ్యూజు పోదు. "ఎంసీబీ పెట్టినం, ఇంకేం కాదు అనుకుంటరమ్మా, వదులు జాయింటు సంగతి దానికి తెల్వదు" అని అమ్మకు చెప్పారు. మా ఇంట్లో ఆ రోజు జరిగింది సరిగ్గా ఇదే. ఏ ఫ్యూజూ పోలేదు, చెక్క మాత్రం మాడింది.

పని మొదలు పెట్టే ముందు అటుక ఖాళీ చేయమన్నారు. మాకు రెండు రోజులు పట్టింది. ఇది మర్చిపోవద్దు, మీరు ఎవరితో చేయించినా ముందు అటుక మీదున్న గడ్డి, కాగితాలు, గోనె సంచులు, విరిగిన మంచాలు అన్నీ దింపండి. మా అటుక మీద తేళ్లు రెండు దొరికినయి కూడా. దింపినవన్నీ మళ్ళీ ఎక్కించొద్దని, కనీసం పైపుల దరిదాపుల్లోకి తేవద్దని ఆయన షరతు పెట్టారు. అమ్మకు కోపం వచ్చింది, ఉల్లిగడ్డలు ఇంకెక్కడ ఆరబోయాలి అని. చివరికి ఒక మూల మాత్రం వదిలి, అటు వైపు పైపు పోకుండా దారి మార్చి వేశారు.

సామాను కొనడానికి ప్రకాశం బజార్‌కు నన్ను కూడా రమ్మన్నారు. ఇది నాకు చాలా నచ్చింది, ఎందుకంటే మామూలుగా మేస్త్రీ చెప్పిన షాపు, మేస్త్రీ చెప్పిన బిల్లు, మనకు ఏమీ తెలియదు. ఆయన వైరు చుట్ట విప్పించి ఒక మూర పొడుగు లాగి దాని మీద అచ్చు చదివి చూపించారు. ఐఎస్ 694 (ఇట్లాంటి వైర్లకు మన దేశ ప్రమాణం నంబరు) అని, సైజు, కంపెనీ పేరు, ఐఎస్ఐ గుర్తు ఉండాలి. చేతితో తుడిస్తే పోయే అచ్చు ఉంటే వద్దన్నారు. చుట్ట 90 మీటర్లు. వైరు మీద ఎఫ్ఆర్ అని ఉంటే మంటను త్వరగా పాకనియ్యదనే, కాలనే కాలదని కాదు. అటుక మీదికి మాత్రం హెచ్ఆర్ ఎఫ్ఆర్ తీసుకున్నారు. మామూలు పీవీసీ తొడుగు 70 డిగ్రీల వరకు, ఈ హెచ్ఆర్ రకం 85 డిగ్రీల వరకు ఓర్చుకుంటుంది. చుట్టకు కొంచెం ధర ఎక్కువే.

ఈ వేడి సంగతి మా నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు వాళ్లు తప్పకుండా ఆలోచించాలి. ఏప్రిల్ చివరలో మధ్యాహ్నం మూడింటికి మా గోడకు తగిలించే థర్మామీటర్ తీసుకుపోయి అటుక మీద పెడితే 52 చూపించింది. బయట 43. పెంకలు పొద్దంతా కాలి కాలి ఆ వేడంతా లోపలికి దింపుతయి. వైరు మోసే కరెంటు లెక్క మామూలుగా 40 డిగ్రీల గాలిని పట్టి కడతారు. 40 దగ్గర 20 ఆంప్స్ మోసే మామూలు పీవీసీ వైరు, చుట్టూ 55 డిగ్రీలుంటే 14 దగ్గరికి దిగిపోతుంది. దాని మీద 16 ఆంప్స్ ఎంసీబీ పెడితే ఎంసీబీ పడక ముందే వైరు ఉడుకుతుంది. పైగా ఒకే పైపులో నాలుగు లైన్లు కుక్కితే ఒకదాని వేడి ఒకదానికి తగిలి ఇంకా తగ్గుతుంది. అందుకే గీజరుకు, ముందు ముందు ఏసీ పెట్టుకుంటామన్న గదికి 2.5 బదులు 4 స్క్వేర్ ఎంఎం వైరు వేసి, ఎంసీబీ 16 ఆంప్స్‌దే ఉంచారు. లైట్లు, ఫ్యాన్లకు 1.5 వైరు, 6 ఆంప్స్ ఎంసీబీ. పైపులో సగం ఖాళీ ఉండేట్లు చూసుకున్నారు. నేను ఇంజినీరింగ్ చదివిన దాన్ని కాదు, కానీ ఆయన చాక్‌పీసుతో అరుగు మీద రాసి చెప్పిన తీరుకు నాయినకు కూడా అర్థమైంది.

పని జరిగిన తీరు. రోజూ పొద్దున ఐదున్నరకు మొదలు, పదింటికి అటుక దిగిపోయేవాళ్లు. ఆ తర్వాత కింద బోర్డుల పని, సాయంత్రం ఆరు తర్వాత మళ్ళీ పైకి. ఎండలో అటుక మీద పని చేస్తే మనిషి కళ్లు తిరిగి పడిపోతాడని, ఒక్కణ్ని ఎప్పుడూ పైకి పంపనని చెప్పారు. హెల్పర్ కింద నిచ్చెన దగ్గర ఉండాల్సిందే. పైకి ఎక్కే ముందు మెయిన్ బంద్ చేసి, ఫ్యూజులు పీకి జేబులో వేసుకునేవారు. ఒకరోజు మా పక్కింటి మామ ఫోన్ ఛార్జింగ్ పెట్టుకుంటానని వచ్చి మెయిన్ వేయబోయిండు. వేసినా కరెంటు రాదు, ఫ్యూజులు ఈయన జేబులో ఉన్నయి కదా. ఆ ఒక్క అలవాటు చూసి నాకు ఈయన మీద నమ్మకం కుదిరింది. వైరు ముట్టుకునే ముందు టెస్టర్‌తో చూడటం కాక, బల్బు హోల్డర్‌తో కూడా చూసుకునేవారు. మీటర్‌కు ముందున్న సర్వీసు వైరు జోలికి మాత్రం పోలేదు, అది లైన్‌మన్ పని అని స్పష్టంగా చెప్పారు.

అటుక చెక్కలు కొన్ని చెదలు తిన్నయి. అందుకే దంతెల మీదుగా రెండు పలకలు అడ్డం వేసి, వాటి మీదనే నడిచారు. పైపులు 25 ఎంఎం హెవీ రకం. షాపులో లైటు, మీడియం, హెవీ అని మూడు రకాలుంటయి, చేత్తో నొక్కితేనే తేడా తెలుస్తుంది. మెలికలు తిరిగే ఫ్లెక్సిబుల్ పైపు అయితే ఎలుకకు ఒక్క రాత్రి పనట, అటుక మీద అది వాడనన్నారు. పైపు చెక్కల మీద పడుకోబెట్టలేదు, నడిచినప్పుడు కాలు పడుతుందని దూలం పక్కకు ఆనించి రెండడుగులకో సాడిల్ (పైపును పట్టి ఉంచే క్లిప్పు) కొట్టుకుంటూ పోయారు. పెంకలకు తగలకుండా, వంటింటి పొయ్యి పొగగూడుకు ఆమడ దూరంలో. పెద్ద దూలానికి బెజ్జం వేయడానికి ఒప్పుకోలేదు, బెండు వేసి చుట్టు తిప్పారు. చిన్న దంతెలకు రెండు చోట్ల వేయక తప్పలేదు, అవి కూడా ఎత్తుకు సరిగ్గా నడుమ వేశారు. దంతె కింది అంచుకు బెజ్జం పడితే బరువు ఆపే చోటు బలహీనమవుతుందట.

జాయింట్ల సంగతికి వస్తే, అటుక మీద అన్నీ కలిపి మూడే బాక్సులు. మిగతా అంతా లూపింగ్, అంటే వైరు తెగకుండా బోర్డు నుంచి బోర్డుకు పోతుంది, కలిపేదంతా కింద బోర్డుల్లోనే. ఆ మూడు బాక్సుల్లో కూడా మెలేసి టేపు చుట్టడం లేదు, స్క్రూ కనెక్టర్లు పెట్టి, ఒక్కో వైరు లాగి చూసి, మూత బిగించి, మూత మీద మార్కర్‌తో ఏ గది లైనో రాశారు. బాక్సులు నిచ్చెన ఎక్కగానే చేయి అందే చోట ఉన్నయి. పైపు చివర్లు, బాక్సు రంధ్రాలు సీల్ చేశారు, ఎలుకలే కాదు, చీమలు కూడా దూరకూడదని. ఇంట్లో పాత అల్యూమినియం వైరు ఒక్క మూర కూడా ఉంచలేదు. నాయిన, ముందు గది లైను బాగానే ఉంది కదా, అది ఉంచుదాం అంటే, "పెద్దయ్యా, కొత్త రాగి తెచ్చి మళ్ళ దానికే మెలేయాలె, ఇన్ని పైసలు పెట్టి మళ్ళ అదే బాధ దేనికి" అన్నారు.

మా ఇంటికి ఇన్నేళ్లూ ఎర్త్ లేదని కూడా అప్పుడే తెలిసింది. మూడు పిన్నుల ప్లగ్గులున్నయి, మూడో పిన్ను వెనక వైరే లేదు. అమ్మ గ్రైండర్ ముట్టుకుంటే జిల్లుమంటుంది అంటే, చెప్పులేసుకో అని చెప్పేవాళ్లం. ఎంత తప్పు! ఇప్పుడు ప్రతి పాయింట్‌కు పచ్చ వైరు వచ్చింది. గుంత ముందు గేటు దగ్గర తవ్వితే ఐదడుగులకే బండ తగిలింది, మా నేల అంతే. తర్వాత బట్టలుతికే బండ దగ్గర తవ్వించారు, అక్కడ నేల ఎప్పుడూ తడిగా ఉంటుంది. జీఐ పైపు దింపి, బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా నింపి, మీద చిన్న గూడు కట్టించారు. ఎండాకాలం వారానికోసారి బిందెడు నీళ్లు పోయమన్నారు, నాయిన మరిచిపోకుండా పోస్తున్నడు. డీబీలో, అంటే ఎంసీబీలుండే డబ్బాలో, 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ పెట్టారు, కరెంటు లీకైతే లైను బంద్ చేసేది. మనిషికి షాక్ కొట్టేటప్పుడు కాపాడేది ఇదే, ఎంసీబీ కాదు. నెలకోసారి దాని మీదున్న టెస్ట్ బటన్ నొక్కి పడుతుందో లేదో చూడమన్నారు.

చివరి రోజు మెగ్గర్ తెచ్చారు. అది తెచ్చే ఎలక్ట్రీషియన్‌ను నేను ఊర్లో చూడలేదు. 500 వోల్టులతో వైరు తొడుగు కరెంటును ఎంత గట్టిగా ఆపుతుందో కొలుస్తుంది. నిబంధన ప్రకారం కనీసం 1 మెగాఓమ్ ఉండాలి. పాత వైరింగ్ పీకే ముందు ఇదే మీటర్‌తో చూసినప్పుడు వంటింటి లైను 0.2 చూపించింది. కొత్త లైన్లు అన్నీ 200 దాటినయి. ఒక కాగితం మీద లైను వారీగా రాసి డీబీ తలుపు లోపల అతికించారు, కింద తేదీ వేసి. అటుక మీద పైపులు ఎటు నుంచి ఎటు పోయినయో గీసిన బొమ్మ కూడా అందులోనే ఉంది.

నచ్చనివి కూడా చెప్పాలి. చెప్పిన రోజుకు రాలేదు, రెండు రోజులు ఆలస్యం. ముందు రోజు రాత్రి ఫోన్ చేసి చెప్పి ఉంటే నేను ఆఫీసుకు సెలవు పెట్టకపోయేదాన్ని. లేబర్ లెక్క నోటితోనే చెప్పారు, కాగితం మీద రాసివ్వమంటే పని అయ్యాక ఇచ్చారు. ముందే తీసుకోవాల్సింది. ఇల్లు ఊడ్చే పని మనదే, ఆరు రోజుల దుమ్ము వాళ్లు అట్లనే వదిలేసి పోతారు. మట్టి గోడలు కాబట్టి గాడి కొట్టకుండా గోడ మీదనే పైపు దించారు. అది సరైన పనే, గాడి కొడితే మట్టి జలజలా రాలేది, కానీ ముందు గదిలో రెండు తెల్ల పైపులు చూపులకు బాగాలేవు. గోడ రంగు వేయించాక కొంత నయం. రేటు కూడా ఊరి రేటు కంటే ఎక్కువే. ఊర్లో ఒకరు 11 వేలకు చేస్తానన్నారు, పాత వైరు చాలా వరకు అట్లనే ఉంచి. నేను ఈ తేడాకు బాధపడటం లేదు.

పని అయిన పదో రోజు రాత్రి ఆర్‌సీసీబీ పడిపోయింది, మళ్ళీ ఎత్తితే మళ్ళీ పడింది. నాకైతే టెన్షన్. ఫోన్ చేస్తే, అన్ని ఎంసీబీలూ దించి, ఆర్‌సీసీబీ ఎత్తి, తర్వాత ఒక్కొక్కటి ఎత్తమన్నారు. కొట్టం లైను ఎత్తగానే పడింది. దాన్ని దించి పెట్టి మిగతావి వాడుకోమన్నారు, తెల్లారి పదింటికల్లా వచ్చారు. కొట్టం దాకా పోయే పాత వైరు మేం మార్పించలేదు, అప్పటికి డబ్బులు చాలక ఆపినం. అక్కడి బల్బు హోల్డర్‌లోకి వాన నీళ్లు దిగినయి. హోల్డర్ మార్చి, మీద డబ్బా మూత లాంటిది బిగించి, పెట్రోల్ డబ్బులు కూడా తీసుకోలేదు. బర్రెలు కట్టేసే చోట అది. పాత వైరింగ్ ఉన్నప్పుడు అయితే ఆర్‌సీసీబీ లేదు, లైటు వెలుగుతూనే ఉండేది, తడిసిన ఇనుప రాటకు నాయిన చేయి తగిలేదాకా మాకు తెలిసేదే కాదు.

నా లెక్కన ఐదుకు నాలుగున్నర. ఆ సగం తగ్గించింది ఆలస్యానికి, బిల్లుకు. మీ ఇంటికి ఎవరిని పిలిచినా, పైకెక్కి చూడకుండా ఫోన్‌లోనే పాయింట్ రేటు చెప్పేవాళ్లను ఒప్పుకోవద్దు. అటుక మీద జాయింట్లు ఎన్ని ఉంటాయి, ఎక్కడుంటాయి అని ముందే అడగండి, మెగ్గర్ ఉందా అని అడగండి. పని అయ్యాక మీరే ఒకసారి నిచ్చెన ఎక్కి ఫోన్ లైటుతో చూసి ఫొటోలు తీసుకోండి. నేను తీసుకున్నా. ఈ మధ్య రెండు వానలు గట్టిగా పడ్డయి, కోతులు మళ్ళీ నాలుగు పెంకలు జరిపినయి, నాయిన ఎక్కి సర్దుతూ చూస్తే నీళ్లు పైపు మీద పడి జారిపోయినయి, బాక్సు మూత తెరిస్తే లోపల పొడిగానే ఉంది. కొట్టం లైను మాత్రం మిగిలింది, దసరా తర్వాత మళ్ళీ ఆయననే రమ్మన్నాం. ఈసారి రేటు ముందే కాగితం మీద రాయించుకున్నా.